కరెంటు లేని దుకాణంలో వెలిగిన తెర

ఎవరికైనా దయ్యం పట్టిందంటే, ముందు రక్తపరీక్ష చేయించండని చెప్పే మనిషిని నేను. అమావాస్య నాడు మా అమ్మ గడప దగ్గర నిమ్మకాయ కోస్తుంటే, పులిహోరకు దాచుకోరాదా అని ఎగతాళి చేసేదాన్ని. ఇప్పుడు చెప్పబోయేది నాకు కాక ఇంకెవరికి జరిగినా, అందరికంటే ముందు నేనే నవ్వేదాన్ని.

మాది బోధన్. నిజామాబాద్‌లో విజయక్క డీటీపీ సెంటర్‌లో పని చేస్తాను. పెళ్లిపత్రికలు, ఫ్లెక్సీలు, ఆన్‌లైన్ దరఖాస్తులు, ఇవే మా పనులు. విజయక్క నాకు చుట్టం కాదు. భర్త పోయాక ఆ చిన్న దుకాణాన్ని ఒక్కతే నడుపుకొస్తోంది. నాకు మౌస్ పట్టుకోవడం నేర్పింది ఆమే.

వానాకాలంలో ఒకరోజు బస్సు దిగుతూ జారిపడ్డాను. కాలు విరిగింది. కట్టు వేసి, మంచం దిగొద్దన్నారు. ఇక నా పని పోయినట్టేనని ఏడుస్తూ కూర్చుంటే, మరునాడు విజయక్కే బోధన్ బస్సెక్కి వచ్చింది.

"నీ కుర్సీల ఇంకెవల్నీ కూసోవెట్ట. ఇంట్లకెళ్లే పని చెయ్యి, పిల్లా" అంది.

ఎట్లా చేయాలో నాకు అర్థం కాలేదు. మా తమ్ముడి పాత లాప్‌టాప్‌లో పెళ్లిపత్రికలు చేసే సాఫ్ట్‌వేర్ పట్టదు. దానికి దారి చూపింది రమేశన్న. మా దుకాణంలో కంప్యూటర్ చెడిపోతే బాగుచేసేది ఆయనే. ఆయన చేసిన ఏర్పాటు ఇది: నేను ఇంట్లో బ్రౌజర్ తెరిచి పాస్‌వర్డ్ కొడితే చాలు, దుకాణంలోని కంప్యూటర్ తెర ఉన్నదున్నట్టు నా ముందు కనబడుతుంది. నేను బోధన్‌లో మౌస్ కదిపితే నిజామాబాద్‌లో బాణం గుర్తు కదులుతుంది. అక్కడ అక్క కూర్చుంటే తనూ కదపగలదు. ఒక్కోసారి ఇద్దరం ఒకేసారి పట్టుకునేవాళ్లం. బాణం అటూ ఇటూ గుంజుకుంటుంటే ఫోన్ చేసి నవ్వుకునేవాళ్లం.

ఆ రోజు పొద్దున కూడా ఎప్పటిలాగే తెరిచాను. తెర వచ్చింది. పోచంపాడ్ వాళ్ల పెళ్లిపత్రిక చేయాలి. పెళ్లికొడుకు వాళ్ల అన్న వివరాలు నాకు ఫోన్‌లో పంపాడు. అవి చూస్తూ పేర్లన్నీ టైపు చేశాను. అంచుకు పసుపు రంగు వేశాను. అయ్యాక అలవాటు ప్రకారం లాప్‌టాప్ తెరను నా ఫోన్‌తో ఫొటో తీసి అతనికి వాట్సాప్ చేశాను. పెళ్లికూతురి పేరులో దీర్ఘం పోయిందని అతను చెప్పాడు. దాన్ని దిద్ది మళ్లీ ఫొటో పంపాను. బాగుందన్నాడు.

అమ్మ అన్నం తెచ్చిపెట్టింది. తిని, చేయి కడుక్కుని తెరవైపు చూసేసరికి బాణం దానంతటదే కదులుతోంది.

అక్క పట్టుకుందేమో అనుకున్నాను. కానీ అక్క మౌస్‌ను విసురుగా తిప్పుతుంది. ఈ కదలిక అట్లా లేదు. చీకట్లో గోడ తడుముకుంటూ నడిచినట్టు మెల్లగా పోతోంది. నేను నా మౌస్ కదిపి చూశాను. బాణం నా మాట వినలేదు. అది కిందికి పోయి కెమెరా గుర్తు మీద ఆగింది. కెమెరా తెరుచుకుంది.

దరఖాస్తులకు ఫొటోలు తీయడానికి మానిటర్ మీద చిన్న కెమెరా ఉంటుంది. దాని ఎదురుగా స్టూలు, వెనుక నీలం పరదా. నాకు ఆ పరదా మసకగా కనబడింది. స్టూలు పక్కకు ఒరిగి ఉంది. దాని పక్కన నేల మీద విజయక్క పడి ఉంది. బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. అక్క ఎడమచేయి నేలను తడుముతోంది. కుడిచేయి కదలడం లేదు.

నేను అరిచిన అరుపుకు అమ్మ వంటింట్లో నుంచి ఉరికొచ్చింది. ఆమె కూడా తెర చూసింది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, చూసింది నేనొక్కదాన్నే కాదని తెలియడానికి.

అక్కకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. పక్కనే చాయ్ హోటల్ నడిపే సలీం భాయ్‌కి చేశాను.

"సలీం భాయ్, అక్క పడిపోయింది. జల్ది పోయి చూడుండ్రి!"

"అరే, అక్క అన్నం తిని జర ఒరుగుతనని షట్టర్ సగం గుంజింది గదమ్మా. నీకెవలు చెప్పిండ్రు?"

"తర్వాత చెప్త. ముందు పోండ్రి భాయ్!"

ఆయన పరిగెత్తినట్టు ఫోన్‌లో వినబడింది. షట్టర్ లేచిన చప్పుడు కూడా వినబడింది. సరిగ్గా అప్పుడే నా ముందున్న తెర నల్లబడి, కనెక్షన్ పోయిందని మాత్రం చూపించింది.

సలీం భాయ్, ఇంకో ఇద్దరు కలిసి అక్కను ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. మెదడులో ఒక భాగానికి రక్తం అందలేదన్నారు డాక్టర్లు. సమయానికి తెచ్చారు కాబట్టి సరిపోయింది, సాయంత్రం దాకా అట్లాగే ఉండి ఉంటే మాట, చేయి రెండూ పోయేవన్నారు. షట్టర్ సగం దించి ఉంటే అక్క పడుకుందని అందరికీ తెలుసు. సాయంత్రం దాకా ఎవరూ తొంగిచూసేవారు కాదు.

అంతవరకు నాకు ఇందులో వింత ఏమీ తోచలేదు. అక్కే ఎట్లాగో మౌస్ అందుకుని కెమెరా తెరిచిందనుకున్నాను. మరునాడు సలీం భాయ్‌తో మాట్లాడినప్పుడు అదే అన్నాను.

"సుజాతమ్మా, నిన్న మా గల్లీల పొద్దటి సంది కరెంటే లేదు. స్తంభాలు మారుస్తున్నరు. నేను పోయేటాళ్లకు దుకాణంల అంత చీకటి. కంప్యూటర్ బందే ఉండె."

ఇన్వర్టర్ ఉంది కదా అన్నాను. దాని బ్యాటరీ పాడైతే ఆ ముందురోజే రిపేరుకు ఇచ్చారు. నాకు ఆ సంగతి తెలియదు. కరెంటు లేకపోతే దుకాణంలో ఇంటర్నెట్ డబ్బా కూడా పని చేయదు.

కట్టు విప్పాక నేను నిజామాబాద్ పోయి, రమేశన్నను పిలిపించి, కంప్యూటర్ తెరిపించాను. ఆ రోజు అది ఆన్ అయినట్టు అందులో ఎక్కడా నమోదు కాలేదు. పోచంపాడ్ పత్రిక ఫైలు తీసి చూస్తే ముందురోజు నేను వదిలేసిన ఖాళీ డిజైన్ ఉంది. పేర్లు లేవు. పసుపు అంచు లేదు. కానీ నా ఫోన్‌లో రెండు ఫొటోలూ ఉన్నాయి. ఒకదాంట్లో దీర్ఘం లేదు, రెండోదాంట్లో ఉంది. పెళ్లికొడుకు అన్న ఫోన్‌లోనూ అవే ఉన్నాయి.

రమేశన్న వాటిని పెద్దవి చేసి చాలాసేపు చూశాడు.

"లైన్ కట్టయితే పాత బొమ్మ కొంచెంసేపు అట్లనే నిలవడ్తది. గది నేను ఒప్పుకుంట. గని నువ్వు టైపు చేస్తె అచ్చరాలెట్ల పడ్డయి? గది నాకు సమజైతలేదు."

తెలిసిన ఇంకో ఇద్దరిని అడుగుతానన్నాడు. అడిగాడు కూడా. వాళ్లు నేను తేదీ తప్పు చెబుతున్నానన్నారు. తేదీ ఎట్లా తప్పుతుంది? ఆసుపత్రిలో చేర్పించింది ఆ రోజే కదా.

అక్కకు మాట మెల్లమెల్లగా తిరిగి వచ్చింది. మొదట్లో నా పేరు కూడా సగమే పలికేది. మాట కుదిరాక అడిగాను, కెమెరా నువ్వే తెరిచావా అని.

"కరెంటే లేకపాయె, నేనేం తీస్త? ఆ దినం కంప్యూటర్ బటనే ఒత్తలే" అంది.

అక్క భర్త ఆత్మే వచ్చి కాపాడిందని గల్లీలో కొందరు అన్నారు. మా అమ్మ ఎల్లమ్మకు కొబ్బరికాయ కొట్టింది. నేను ఏ మాటకూ తల ఊపలేదు, కాదని వాదించనూ లేదు. అక్కను మాత్రం మళ్లీ అడిగాను, నీకు ఏమనిపిస్తోందని.

"ఎవలు తీసిండ్రో నాకేమెరుక పిల్లా? పడ్డంక నీ పేరే పిలుస్తున్న, నోట్లెకెళ్లి మాట వస్తలేదు. నువ్వు ఇన్నవ్. గంతే."

ఇప్పుడు నేను మళ్లీ రోజూ బస్సులో నిజామాబాద్ వస్తున్నాను. అక్క కూడా దుకాణానికి వస్తోంది. మొన్న పొద్దున నేను షట్టర్ ఎత్తబోతే, జరుగమని చెప్పి తన కుడిచేత్తో పట్టుకుంది. కొంచెం వణికినా చేయి వదలలేదు. షట్టర్ పైదాకా పోయింది. సలీం భాయ్ హోటల్ ముందు నిలబడి చప్పట్లు కొట్టాడు. చాయ్ పంపమని అక్క ఆయన మీద అరిచింది.

ఆ రెండు ఫొటోలు ఇప్పటికీ నా ఫోన్‌లో ఉన్నాయి. అప్పుడప్పుడు తీసి చూసుకుంటాను. ఆ పత్రికను నేను ఏ కంప్యూటర్ మీద చేశానో నాకు ఇవాళ్టికీ తెలియదు.