బోణీ కాని గది

ఈ ఉదయం రాయగడలో మా బాబాయి బట్టల కొట్లో కూర్చుని, ఆయనకూ పిన్నికీ బ్యాంకాక్‌లో హోటల్ గది చూశాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఇద్దరూ కలిసి వెళ్ళబోయే మొదటి ప్రయాణం. అప్పటికప్పుడు రూపాయల్లో కడితే చవక.

"బోణీ అవకుండా డబ్బులెలా తీస్తానమ్మీ?" అన్నారు బాబాయి. బయట వాన, ఒక్క బేరమూ తగల్లేదు.

"పోనీ, అక్కడికి వెళ్ళాకే వాళ్ళ కరెన్సీ బాత్‌లలో కట్టొచ్చు" అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. "అయితే ఎల్లకపోయినా మనకేటీ పోదు కదా?"

"పోదు" అని బుక్ చేసేశాను.

పక్కనే కొత్త సూట్‌కేసు తుడుస్తున్న పిన్ని తుడవడం ఆపేసింది. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి చూస్తే, దాని నిండా పాత దుప్పట్లు సర్దేసి ఉన్నాయి.

వెళ్ళని ప్రయాణాలకు మీ ఇళ్ళల్లో ఏ కరెన్సీలో కడతారండీ?