జీడి సొన అంటిన చేతులు

మా ఫ్రైడ్ చికెన్ కంపెనీ ఈ రోజు పలాస బ్రాంచిలో జీడిపప్పు అద్దిన కొత్త చికెన్ మొదలుపెట్టింది. మేనేజర్‌ని నేనే. విశాఖ నుంచి వచ్చిన ఆఫీసరుగారు నా పక్కనే నిలబడ్డారు.

మొదట వచ్చినావిడ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే మనిషి. మనవరాలిని వెంటబెట్టుకొచ్చింది. నల్లటి వేళ్లు కౌంటరు అద్దం మీద ఆనించి కొత్త చికెన్ బొమ్మ చూపించగానే ఆఫీసరుగారు మొహం చిట్లించారు. నేను వెంటనే, "చేతులు కడుక్కుని రామ్మా" అన్నాను.

ఆవిడ కుళాయి దగ్గరకి వెళ్లింది. వచ్చి, తడిచేతులు నా ముందు చాపింది.

"మూడుసార్లు తోమినాను బాబూ. జీడి సొన సబ్బుకి పోతాదేటి? మీ సికెన్‌కి అద్దిన పప్పు మేం కొట్టిన పిక్కల్లోదే కదేటి!"

ఆఫీసరుగారు నవ్వేశారు. ఆ మరక సంగతి ఆయనకైతే తెలియదు. మా అమ్మ ఇరవై ఏళ్లు పిక్కలు కొట్టింది. ఆ మరక పోదని తెలిసే కడుక్కోమన్నాను నేను.

సాయంత్రం అమ్మకి అదే చికెన్ పొట్లం తెచ్చి ఇచ్చాను. విప్పబోయి ఆగి, "ఉండు, సేతులు కడుక్కొస్తాను" అంటూ లేచింది. వద్దనడానికి నాకు నోరు రాలేదు. మీకైతే వచ్చేదా?