ఏడో ప్రశ్న విల్ఫ్‌ది

డోరీన్ హెస్కెత్ ఎవరినీ మోసం చేసిన మనిషి కాదు. లాండ్రీ నడిపినన్నాళ్లూ కోటు జేబుల్లో మరిచిపోయిన ఉంగరాలు, ఉత్తరాలు, ఆఖరికి ఒకాయన కట్టుడు పళ్లు కూడా కాగితంలో చుట్టి ఇంటికి పట్టుకెళ్లి ఇచ్చి వచ్చింది. అలాంటి మనిషిని పట్టుకుని, గురువారం సాయంత్రం, కిటకిటలాడుతున్న పబ్బులో, "మీ క్విజ్‌లో ఏదో గోల్‌మాల్ ఉంది" అన్నాడు జూలియన్ ప్రౌజ్. మిల్లు పడగొట్టి కట్టిన కొత్త ఇళ్లలోకి మొన్న మొన్న దిగినవాడు. మేము పబ్బులో ఏ బల్ల దగ్గర కూర్చుంటామో కూడా ఇంకా సరిగ్గా తెలియనివాడు.

మా ఊరు హేజెల్‌డెన్‌లో గురువారం అంటే డోరీన్ క్విజ్. ప్రతి సోమవారం వంటింటి బల్ల మీద టీ చల్లారబెట్టుకుంటూ ప్రశ్నలు రాస్తుంది. గురువారం వీవర్స్ రెస్ట్ పబ్బులో చదువుతుంది. రాలేనివాళ్ల కోసం అవే ప్రశ్నలు శనివారం ఊరి వారపత్రికలో వేస్తారు. అవి చదివి, మంచాన పడ్డవాళ్లు సైతం ఫోన్ చేసి దెబ్బలాడతారు. ఆమె నియమాలు మూడే. ఫోన్లు సంచుల్లో ఉండాలి. జవాబుల కాగితాలు పక్క బల్లవాళ్లకిచ్చి దిద్దించుకోవాలి. ప్రశ్న వేసినవాళ్ల మాటే ఆఖరి మాట. ఒకసారి ఆమె ఏదో దేశానికి తప్పు రాజధాని చెప్పింది. బస్సు డ్రైవర్ల బల్లవాళ్లు అట్లాసు తెచ్చి ముక్కు ముందు పెట్టినా ఒక్క మార్కు మార్చలేదు. "అట్లాసు వేసినవాణ్ణి పిలిపించుకుని వాడి క్విజ్ ఆడుకోండి" అంది.

ఏడో ప్రశ్న సంగతి వేరు. అది విల్ఫ్ ఎంట్‌విజిల్‌ది. విల్ఫ్ జీవితమంతా పందెం పావురాలు పెంచాడు. పక్షవాతం వచ్చాక మాటల్లో సగం పోయాయి, పావురాల గూడు పరాయివాళ్ల పెరట్లోకి పోయింది. పక్కింటి మ్యూరియెల్ చెయ్యి పట్టుకుని తీసుకొస్తే వచ్చి, బీరు వంక చూస్తూ కూర్చునేవాడు. ఓ గురువారం అనుకోకుండా పావురాల మీద ఒక ప్రశ్న పడింది. విల్ఫ్ బల్ల మీద చేత్తో కొట్టి, మ్యూరియెల్ చెవిలో జవాబు చెప్పాడు. వెళ్లేటప్పుడు "వచ్చే వారం" అన్నాడు. ఎన్నో నెలల తర్వాత ఆయన నోట వచ్చిన రేపటి మాట అది. ఆ తర్వాత ఏ వారమూ ఏడో ప్రశ్నలో పక్షి లేకుండా పోలేదు. మాకందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

జూలియన్ గొడవ పెట్టుకున్న గురువారం ఏడోది ఇదీ: పావురం పిల్లకి గొంతులోంచి పాల లాంటిది పట్టేది తల్లా, తండ్రా? జవాబు, ఇద్దరూ. జూలియన్ బల్లవాళ్లు తల్లి అని రాశారు. బస్సు డ్రైవర్ల చేతిలో ఒక్క మార్కుతో ఓడి, బహుమానంగా పెట్టిన, పంది మాంసం కూరి కాల్చిన రొట్టె పోగొట్టుకున్నారు.

"ప్రతివారం ఏడోది పక్షులే" అన్నాడు జూలియన్, లేచి నిలబడి. "పక్క బల్ల కాగితం దిద్దేది మేమే కదా. వాళ్లవి అన్నీ తప్పులే, లేదంటే ఖాళీలే. ఏడోది మాత్రం రైటు. ఇది వాళ్ల కోసం వేస్తున్న ప్రశ్నే కదండీ? రెడీమేడ్ ప్రశ్నలు అమ్మే కంపెనీలున్నాయి. అవి తెప్పించుకుంటే ఈ పక్షపాతం ఉండదు."

అన్నీ తప్పులే, ఖాళీలే అని ఊరందరి ముందు చదివి వినిపించాడు మహానుభావుడు. అదీ ఎవరి గురించి? ప్రతివారం ఆఖరి స్థానంలో ఉండే విల్ఫ్, మ్యూరియెల్‌ల బల్ల గురించి. విల్ఫ్ తల దించుకున్నాడు. కోటు కోసం చెయ్యి చాచాడు. ఆ కోటు తొడుక్కుని వెళ్లిపోతే మళ్లీ ఈ గుమ్మం తొక్కడని డోరీన్‌కి తెలుసు. కాదంటే అబద్ధం. అవునంటే విల్ఫ్‌కి బిచ్చం వేసినట్టు. ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అవును. ఆ బల్ల కోసమే వేశాను" అంది. "కూర్చో విల్ఫ్, నా మాట ఇంకా అయిపోలేదు. రెండోది బస్సు డ్రైవర్లది. ప్రతివారం రోడ్లూ వంతెనలే, ఎప్పుడైనా చూసుకున్నారా? తొమ్మిదోది చర్చి కుట్టుపని ఆడవాళ్లది. పదకొండోది ఆ మూలనున్న అన్నదమ్ములది, వాళ్లకి ఫుట్‌బాల్ తప్ప భూప్రపంచంలో ఇంకేమీ తెలియదు."

"అదేంటి డోరీన్, నిజమా?" అన్నాడు అన్నదమ్ముల్లో పెద్దవాడు, మొహం పాలిపోయి.

"నిజమే నాయనా. ఇంక పన్నెండోది, జూలియన్ గారూ. ప్రతివారం ద్రాక్ష సారాయి గురించో, మంచు కొండల మీద జారే ఆట గురించో ఉంటుంది. ఈ పబ్బులో ద్రాక్ష సారా తాగే మొహం ఒక్కటి చూపించండి. మంచు కనబడితే పార తీసి వాకిట్లోది ఎత్తిపోసుకునేవాళ్లం మేమంతా. మరి ఎవరి కోసం వేస్తున్నాననుకున్నారు?"

"అది... అది జనరల్ నాలెడ్జి కదండీ" అన్నాడు జూలియన్.

పబ్బు పబ్బంతా గొల్లున నవ్వింది. డోరీన్ నవ్వలేదు. "వచ్చిన మొదటి వారం మీ నలుగురూ ఒక్కదానికీ జవాబు రాక, గోడలు చూస్తూ కూర్చున్నారు. నాకు కడుపు తరుక్కుపోయింది. ఆ వారం నుంచే వేస్తున్నాను. గురువారం నా గుమ్మంలోకి వచ్చినవాడు ఒక్కటన్నా తెలిసిందన్న తృప్తితో ఇంటికి పోవాలి. ఏ కంపెనీకి తెలుసు మీరెవరో? తెప్పించుకోండి, పోండి."

జూలియన్ చెవుల దాకా ఎర్రబడి కూర్చున్నాడు. కాసేపటికి వాళ్లావిడ లేచి వెళ్లి విల్ఫ్ బల్ల మీద ఒక బీరు పెట్టి వచ్చింది. విల్ఫ్ దాని వంక చూడలేదు. కోటు ఇంకా ఒళ్లోనే ఉంది. డోరీన్ వైపే చూస్తున్నాడు.

"మరి... నీది?" అన్నాడు.

"నాదేంటి?"

"నీది... ఎన్నోది?"

ప్రశ్నలు వేసే మనిషికి ప్రశ్న ఎవరు వేస్తారు? ఇన్నేళ్లలో అడిగినవాళ్లు లేరు. విల్ఫ్ కోటు తొడుక్కుని, మ్యూరియెల్ చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు.

మరుసటి గురువారం క్విజ్ మొదలుపెట్టే వేళకి విల్ఫ్ బల్ల ఖాళీగానే ఉంది. ఆరో ప్రశ్న చదువుతుండగా తలుపు తెరుచుకుంది. విల్ఫ్ కూర్చోలేదు. మ్యూరియెల్ భుజం ఆసరాతో నిలబడి, మేమందరం వింటుండగా, ఒక్కో మాటా కూడగట్టుకున్నాడు.

"ఏడోది... నేను వేస్తా. నీకు. పావురం... నీళ్లు తాగేటప్పుడు... తల ఎత్తుతుందా?"

"ఎత్తకేం, ఎత్తుతుంది. కోడిలాగే" అంది డోరీన్.

"ఎత్తదు. ముంచి... పీల్చేస్తుంది. తప్పు."

"ఎవరు చెప్పారు నీకు? నేను చూశాను విల్ఫ్, నా రెండు కళ్లతో చూశాను. పక్షి అన్నాక తల ఎత్తకుండా..."

విల్ఫ్ చెయ్యెత్తి ఆపాడు. కోటు విప్పి కుర్చీకి తగిలించాడు.

"వేసినవాడి మాటే... ఆఖరి మాట" అన్నాడు.