ఎడమచేతికి ఒక పని

1986లో నేను ఆదోనిలో ఒక దినపత్రికకు స్ట్రింగర్‌ను. స్ట్రింగర్ అంటే ఉద్యోగి కాదు, అచ్చయిన వార్తల మేరకే పత్రికకు మనిషి. వార్తలు కవరులో పెట్టి సాయంత్రం బస్సు డ్రైవరు చేతికివ్వడం, అర్జెంటైతే ట్రంకాల్ బుక్ చేసి డెస్కుకు చెప్పడం నా పని.

దసరాకు ముందు ఒక మధ్యాహ్నం, పటాలు కట్టే మహబూబ్ సాహెబ్ అంగట్లో మిషన్ రంపానికి ఒకతని వేళ్ళు తెగాయని టీ కొట్టు దగ్గర విన్నాను. సైకిలు తొక్కుతుండగానే మొదటి వాక్యం తయారైంది: ‘అజాగ్రత్త వల్ల రంపం కింద చేయి పెట్టి...’ ఆ రోజుల్లో ప్రమాద వార్తలు చాలావరకు అట్లాగే మొదలయ్యేవి.

అంగడి ముందు జనం గుమిగూడి ఉన్నారు. లోపల రక్తం లేదు. దేవుళ్ళ పటాలు, మక్కా పటాలు, పెళ్ళి ఫోటోలు గోడకు ఆనించి ఉన్నాయి. నలభై దాటిన ఒక మనిషి స్టూలు మీద కూర్చుని ఎడమ చూపుడువేలు చూసుకుంటున్నాడు. గోరు కొస మాత్రం కత్తిరించినట్టు పోయింది. అతని పేరు వీరన్న. ఎమ్మిగనూరు నేతగాడు. మగ్గం అమ్మేసి వచ్చి ఇక్కడ పనికి చేరాడు.

“వేళ్ళు తెగినాయని ఎవరు సెప్పినారు సార్ మీకు?” అన్నాడు సాహెబ్. “కలం కోస్తాంటే గోరు పోయినాది. అంతే.”

“కలమా?” నా చెయ్యి జేబులోని పెన్ను మీదికి పోయింది.

“మీ కలం కాదు లెండి. పటం మూల కలవల్లంటే చెక్కను ఏటవాలుగా కొయ్యల్ల గదా, దాన్ని మేము కలం అంటాము. మా కలం చెక్కను కోస్తాది. మీ కలం మా అంగడిని కొయ్యకుండా చూసుకోండి.”

పటం చట్రంలో ఒక్కో చెక్క కొసను నలభై ఐదు డిగ్రీలకు కోస్తేనే రెండూ కలిసి మూలమట్టానికి సరిపోతాయి. అంతకుముందు ఆ పని చేతిరంపంతో చేసేవారు. ఆ ఏడు సాహెబ్ బొంబాయి నుంచి ఒక పాత మైటర్ సా తెప్పించాడు. మోటారుతో తిరిగే గుండ్రటి రంపపు బ్లేడు అది. కావలసిన కోణానికి తిప్పి బిగించి, కుడిచేత్తో పిడి పట్టుకుని కిందికి దించితే చెక్క తెగుతుంది. స్విచ్చి వదిలిన తర్వాత కూడా బ్లేడు కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. వీరన్న గోరు పోయింది ఆ కొంతసేపట్లోనే.

“నేను నేర్పించినేదంతా సారుకు సెప్పు వీరన్నా,” అన్నాడు సాహెబ్.

వీరన్న తల ఎత్తకుండానే ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు. “చెక్కను ఎనక పట్టీకి ఆనించి క్లాంపు బిగించల్ల. చిన్న ముక్కను చేత్తో పట్టుకోగూడదు. బ్లేడు పూర్తి వేగం అందుకున్నంకనే దించల్ల. కోసినంక స్విచ్చి ఇడిసిపెట్టి, బ్లేడును కిందనే ఉంచి, అది నిలిచినంక లేపల్ల. తెగిన ముక్కను అంతవరకు ముట్టగూడదు.”

“అన్నీ తెలుసు గదా! మల్ల చెయ్యి యాల పెట్టినావు?”

“నాకు తెలుసు భాయ్. నా చేతికే తెల్దు.”

వాకిట్లో జనం నవ్వారు. “చేతికి ట్యూషన్ పెట్టియ్యప్పా,” అన్నాడొకడు.

సాహెబ్ నవ్వలేదు. “నవ్వులాట కాదిది. ఇంతకుముందు గూడా ఇట్లే చెయ్యి పెట్టబోతే నేను అరిసినా. నీ వేళ్ళు పోతే నీ పెండ్లానికి నేనేం జవాబు సెప్పల్ల? రేపట్నుంచి రావద్దు. మీ ఊరికి పో.”

“పోయి? మగ్గం లేదు భాయ్. మగ్గం గుంత మాత్రం ఉండాది. దాంట్లో కూసోనా ఊరికే?”

వార్త లేదని నాకు అప్పటికే అర్థమైంది. అయినా వెళ్ళబుద్ధి కాలేదు. మగ్గం మీద చేతులు ఎట్లా ఆడతాయని వీరన్నను అడిగాను.

అతను గాలిలోనే నేసి చూపించాడు. కుడిచెయ్యి, పోగును అటూ ఇటూ మోసే నాడె తాడు లాగుతుంది. ఎడమచెయ్యి ప్రతి పోగునూ దగ్గరికి కొడుతుంది. పోగు తెగిందా, కన్ను చూసేలోగా ఎడమచెయ్యి అక్కడ ఉంటుంది.

“ఆలిశమైతే గుడ్డలో జాడ పడతాది సార్. మా నాయన వేళ్ళ మీద కొట్టేవాడు. ఈడ గూడా ఏదో తెగుతాది. చెయ్యి దానంతటదే ఆడికి పోతాది.”

సాహెబ్ గాలిలో ఆడిన ఆ ఎడమచేతినే చూశాడు. తర్వాత అడిగాడు. “మగ్గం మీద ఆ ఎడమచెయ్యి ఎప్పుడన్నా ఖాళీగా ఉంటాదా?”

“యాడ భాయ్! ఏదో ఒకటి పట్టుకునే ఉంటాది.”

“ఈడ?”

“ఈడ పనంతా కుడిచేతిదే. ఎడమది ఊరికే...” వీరన్న మాట అక్కడ ఆగింది. లేచి, చెత్తలోంచి ఒక చెక్కముక్క ఏరుకుని ఉలితో గుండ్రంగా చెక్కడం మొదలుపెట్టాడు. పిడికిట్లో పట్టి చూసుకుని, మళ్ళీ చెక్కాడు. బ్లేడుకు అందనంత దూరంలో, బల్ల ఎడమ అంచున దాన్ని పిడిలా గట్టిగా బిగించాడు.

“ఒక పటానికి కోసి సూపించు,” అన్నాడు సాహెబ్. “ఆ పిడి ఇడిసినావంటే నీ సంచి తీసుకోని పో.”

వీరన్న క్లాంపు బిగించాడు. ఎడమచేత్తో కొత్త పిడి పట్టుకుని కుడిచేత్తో బ్లేడు దించాడు. కోత తర్వాత కోత, అన్నీ సవ్యంగా సాగాయి. ఆఖరి కోతలో తెగిన ముక్క ఒకటి బ్లేడు పక్కనే ఒరిగి అదరసాగింది. వీరన్న ఎడమ భుజం కదిలింది. పిడి మీద వేళ్ళు విచ్చుకున్నాయి. సాహెబ్ ఒక అడుగు ముందుకు వేశాడు. వేళ్ళు మళ్ళీ ముడుచుకున్నాయి. బ్లేడు మోత సన్నబడి, సన్నబడి ఆగింది. వీరన్న బ్లేడు పైకెత్తి, ఆ ముక్కను తీసి సాహెబ్ అరచేతిలో పెట్టాడు.

సాహెబ్ దాన్ని చూడను కూడా చూడలేదు. “పొద్దున్నే రా. దసరా పటాలన్నీ అట్లే పడుండాయి,” అని చెప్పి, జనం వైపు తిరిగి, “ఇంగ పోండప్పా, సినిమా అయిపాయ,” అన్నాడు.

అంత చూశాక చెప్పకుండా ఉండలేక ఆ సాయంత్రం డెస్కుకు ట్రంకాల్ చేశాను.

“ఎన్ని వేళ్ళు పోయాయి?” అన్నారు అవతల సబ్ ఎడిటర్.

“ఏవీ పోలేదండీ. గోరు కొస పోయింది.”

“గోరుకు ట్రంకాల్ ఎందుకండీ?” అని ఫోన్ పెట్టేశారు. ఆయన తప్పేమీ లేదు. జరగని ప్రమాదానికి పత్రికలో చోటు ఉండదు.

ఆ తర్వాత జిన్నింగు మిల్లుల్లో, నూనె మిల్లుల్లో నిజంగానే చేతులు పోగొట్టుకున్నవాళ్ళ గురించి రాయవలసి వచ్చింది. ఈ పనికి రాకముందు ఏం చేసేవాడివని ప్రతి ఒక్కరినీ అడిగేవాణ్ణి. డెస్కులో ఆ జవాబును చాలాసార్లు కొట్టేసేవారు. అయినా అడగడం మానలేదు. ‘అజాగ్రత్త వల్ల’ అనే మాట మాత్రం నా వార్తల్లో బాగా తగ్గిపోయింది. వీరన్న చెయ్యి బ్లేడు దగ్గరికి పోయింది అజాగ్రత్త వల్ల కాదు. అది వాళ్ళ నాయన వేళ్ళ మీద కొట్టి నేర్పిన జాగ్రత్త.