ఆరు బెండ్లు

మా తోడికోడలు పోయింది. మధ్యాహ్నం పప్పు, దోసకాయ పచ్చడితో అన్నం తిని, వసారాలో మడతమంచం మీద నడుం వాల్చి, ఇక లేవలేదు. ఫోన్ చేసిన మా మరిది, "వదినా, కాఫీ టైమైందని లేపుతున్నా, లేవట్లా," అని మాత్రం అనగలిగాడు.

నేనుండేది నందిగామలో. వాళ్లు జగ్గయ్యపేట అవతల పొలంలోనే ఇల్లు కట్టుకున్నారు. కారు మాట్లాడుకుని వెళ్తున్నంతసేపూ నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ ఇంటికి పెద్దకోడల్ని నేను. ఆమెకు అరవై ఏడు, నాకు డెబ్బై మూడు. వరసలో ముందున్నదాన్ని నేను. చివరికి ఇందులో కూడా నన్ను దాటుకుని వెళ్లిపోయింది.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. మంచే రాస్తాను. ఆమె మంచితనమే కదా నన్ను ఇన్నేళ్లూ కాల్చుకు తిన్నది!

వేదాద్రి దగ్గర కృష్ణ ఒడ్డున పుట్టిన మనిషి. నడక కంటే ముందు ఈత వచ్చిందని పుట్టింటివాళ్లు చెప్పుకునేవారు. వాళ్లు దేన్నయినా రెండింతలు చేసి చెబుతారు గానీ, ఇదొక్కటీ నిజమే అయ్యుండాలి. కాపురానికొచ్చిన నెలలోపే, పొలంలో దిగుడుబావిలో ఈత కొట్టనా అని మా అత్తగారిని అడిగేసింది. నేను వీధి అరుగు మీద కూర్చుని పేపరు చదివితేనే తలుపు చాటు నుంచి దగ్గిన అత్తగారు ఆవిడ. "పొద్దున్నే, మగాళ్లు పొలానికి రాకముందే కానిచ్చుకో," అంది. నేను పదేళ్లు అడగని వరం, ఆమె అడిగీ అడగ్గానే దొరికింది. నా కడుపుమంట ఆ రోజు మొదలైంది.

అప్పట్నించీ రోజూ తెల్లారగట్ల అరగంట బావిలో. తర్వాత తడి జుట్టు ముడేసుకుని, ఇరవై ఎనిమిది మెట్లూ ఆగకుండా ఎక్కి వచ్చేది. నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. గుండె బొమ్మ బోర్డు మీద కళ్లు మూసుకుని గీయగలను. నా గుండె మాత్రం పది మెట్లకే నన్ను కూర్చోమనేది.

మా ఇంట్లో పంక్తి భోజనానికి ఒక పద్ధతుంది. వరసలో అందరికంటే పెద్దవాళ్లు లేచేదాకా ఎవరూ లేవకూడదు. అత్తగారు పోయాక ఆ పెద్దరికం నాకొచ్చింది. నాలుగేళ్ల కిందట సత్యనారాయణ వ్రతం భోజనాల్లో నేల మీద కూర్చున్నదాన్ని లేవలేకపోయాను. మోకాలు సాయం రాలేదు. ఆకులు మడిచేసి, ఎంగిలిచేతులు ఆరిపోతుంటే, ముప్పై మంది నా మొహం చూస్తున్నారు. అప్పుడామె పద్ధతి తప్పి, నేలకి చెయ్యి తగలకుండా టక్కున లేచి, నా చంక కింద ఎడంచెయ్యి పెట్టి లేపింది. పైగా అందరికీ వినబడేలా, "అక్కయ్యకి కాలు తిమ్మిరెక్కింది," అని అబద్ధమాడింది. తిట్టినా బావుండేది.

ఆ సోమవారమే నందిగామలో జిమ్ములో చేరాను. పది నుంచి పదకొండు దాకా ఆడవాళ్లకు. నేర్పే ఆవిడ ఇద్దరు పిల్లల తల్లి, ఓపికమంతురాలు. "కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవండి పెద్దమ్మగారూ, అంతే," అనేది. అంతేట! ఆర్నెల్లు కుర్చీతో కుస్తీ పట్టాను. తర్వాత చేతికి డంబెల్స్ ఇచ్చింది. మరుసటేడు వ్రతానికి పంక్తిలోంచి నేలకి చెయ్యి ఆనించకుండా లేచాను. లేచి, అందరికంటే ముందు ఎవరి మొహం చూశానో చెప్పక్కర్లేదు. ఆమె ఎంగిలిచేత్తోనే చప్పట్లు కొట్టింది. మెతుకులు నా చీర మీద పడ్డాయి.

అక్కణ్నించి మా వాదన మొదలైంది.

"ఒట్టి ఈత చాలదే. కండకి బరువు పడాలి," అనేదాన్ని నేను.

"నాకు చాలుతోందిగా అక్కయ్యా. అయినా నీళ్లని తోసి చూడు ఒకసారి, ఎంత బరువో తెలుస్తది."

"పుస్తకాల్లో ఉంది."

"పుస్తకం తడవదుగా!"

తేల్చుకుందామని ఇద్దరం ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాం. పరీక్షలన్నీ చేయించుకున్నాం. ఆమె ఎముకలు పలచబడ్డాయని తేలింది. నావి నా వయసుకి నయమన్నాడు. మనవరాలికి మెడిసిన్ సీటొచ్చిన రోజు కూడా నేనంత సంతోషించలేదు. సిగ్గు లేకుండా రాస్తున్నాను.

"ఈత గుండెకీ, ఊపిరికీ, కీళ్లకీ మంచిదేనమ్మా," అన్నాడు డాక్టరు ఆమెతో. "కాకపోతే నీళ్లలో మీ బరువు నీళ్లే మోసేస్తాయి. ఎముకకి బరువు తెలియాలి. వారానికి రెండు రోజులైనా అది కూడా చెయ్యండి." నేను నవ్వుకుంటుంటే నావైపు తిరిగాడు. "మీరు నవ్వకండి. మా మేడ మెట్లెక్కి పావుగంటైంది, ఇంకా రొప్పుతున్నారు. మీ ఇద్దర్నీ కలిపితే ఒక ఆరోగ్యవంతురాలు అవుతుంది."

బయటికొచ్చి చెరుకురసం తాగుతూ ఆమె బేరం పెట్టింది. "నువ్వు నాకు జిమ్ము చూపించు. నేను నీకు నీళ్లు చూపిస్తా." సరేనన్నాను. ఆ సరే ఇప్పటికీ బాకీగానే ఉండిపోయింది.

ఆమె తన మాట నిలబెట్టుకుంది. మంగళ, శుక్రవారాలు జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామ వచ్చేది. మొదటి రోజు ట్రైనరమ్మ మా ఇద్దరి నడుములకీ టేపు పెట్టి కొలిచింది. నా కొలత పైకి చదివితే, "మెల్లిగా చదువమ్మా, పక్కూరిదాకా వినపడుద్ది," అని ఆమే నవ్వించింది. రెండు నెలలు తిరిగేసరికి, ఆర్నెల్ల తర్వాత నేను ఎత్తిన బరువు ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ ఎత్తేసేది. జిమ్ముకొచ్చే ఆడవాళ్లందరికీ మాగాయ తెచ్చిపెట్టేది. నేనొక్కదాన్నే వెళ్లిన రోజున, "చిన్నమ్మగారు రాలేదా?" అని ట్రైనరమ్మ నా భుజం మీదుగా గుమ్మం వైపు చూసేది. దారి చూపించినదాన్ని నేను!

మరి నా వంతు? మొదట చలి అన్నాను. తర్వాత కంటి ఆపరేషన్. తర్వాత చీరతో ఎలా దిగుతానన్నాను. "పంజాబీ డ్రెస్సు నాది ఉంది, వేసుకో," అంది. నీ సన్నటి ఒంటి బట్టలు నాకు పట్టవన్నాను. ఒకసారి బావి గట్టుదాకా వెళ్లి, నా బరువుకి మునిగిపోతానని వెనక్కి తిరిగాను.

"మునిగేది బరువుకి కాదక్కయ్యా. బిగుసుకుపోతే మునుగుతాం," అంది వెనకనించి.

నీళ్లంటే నాకు భయం కొంతే. ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పినదాన్ని, ఆమె ముందు పలక పట్టుకుని నిలబడాలంటే ప్రాణం ఒప్పలేదు. "ఎండాకాలం రానీ," అన్నాను కిందటిసారి కూడా. ఎండాకాలం వచ్చింది.

చూడ్డానికొచ్చిన బంధువులు కొందరు గుసగుసలాడారు. ఈ వయసులో ఆ ఈతలేంటి, ఆ బరువులేంటి, ఒళ్లు అలిసిపోయి పోయుంటుంది అని. "పప్పన్నం తిని పోయింది. మీరు అన్నం మానేస్తారా?" అని అడిగాను. ఆమె బతికుండగా ఆమె తరఫున నేనొక్క మాట మాట్లాడి ఎరగను.

పదకొండో రోజు భోజనాల్లో నేల మీదే కూర్చున్నాను. చెయ్యి ఆనించకుండానే లేచాను. అలవాటు చొప్పున పక్కకి చూశాను. పక్కన మా ఆడపడుచు కూతురు, ఆకు మడుస్తోంది.

సాయంత్రం మా మరిది చిలక్కొయ్యకున్న తాడు తీసుకొచ్చి నా ముందు పెట్టాడు. తాడుకి ఎండిన మునగ కర్ర ముక్కలు గుచ్చి ఉన్నాయి. మా వైపు ఈత నేర్చేవాళ్లు నడుముకి కట్టుకునే బెండ్లు. మామూలుగా నాలుగు కడతారు. ఈత వచ్చేకొద్దీ ఒక్కోటీ తీసేస్తారు.

"మీకోసమే కట్టిందొదినా. కిందటేడే."

లెక్కపెట్టాను. ఆరున్నాయి.

"ఆరెందుకు?"

ఆయన తల దించుకున్నాడు. "మా అక్కయ్య తొందరగా బిగుసుకుపోద్ది, రెండు ఎక్కువ ఉండనీ అంది."

నాకు మండింది. అందరూ వెళ్లాక, గదిలో తలుపేసుకుని తాడు నడుముకి చుట్టుకున్నాను. కొస ఒక్క అంగుళం మిగల్లేదు, ఒక్క అంగుళం తక్కువ కాలేదు. టేపు మీది నా కొలత ఆమె గుర్తుపెట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే, మగాళ్లు పొలానికి రాకముందు, ఆమె పంజాబీ డ్రెస్సు వేసుకుని బావిలోకి దిగాను. పట్టింది. పై మెట్టు మీద మరిది అటు తిరిగి కూర్చున్నాడు, చేతిలో చేంతాడుతో. గోడ పట్టుకుని ఒక్కో మెట్టే లెక్కపెట్టుకుంటూ దిగుతుంటే నీళ్లు పాదాలకి, మోకాళ్లకి, నడుముకి వచ్చాయి. ఆరు బెండ్లూ ఒక్కోటీ పైకి లేచి, నా చుట్టూ మెల్లిగా ఊగుతూ నిలబడ్డాయి. నా కాళ్లు ఇంకా మెట్టు మీదే ఉన్నాయి.