లే తాతా, లే

ఇందులో ప్రతి అక్షరమూ నిజమని, పాతికేళ్లు నన్ను మోసిన నర్సు బూట్ల మీద ఒట్టేసి చెబుతున్నాను. ముందుగానే రిటైరై వాటిని గరాజ్‌లో పెట్టాను. అనుమానమున్నవాళ్లు వచ్చి వాసన చూడవచ్చు.

వాటర్లూ దగ్గర ఒక ఆసుపత్రిలో, తుంటి ఆపరేషన్ అయినవాళ్లను మళ్లీ నడిపించే రీహాబ్ వార్డుకు నన్ను ఒక జనవరిలో షిఫ్ట్ ఇన్‌చార్జిగా వేశారు. మన పిల్లలు విమానాల నిండా కెనడాలో దిగుతున్న రోజులవి. బస్సెక్కితే డ్రైవర్ తప్ప అందరూ మనవాళ్లే అనిపించేది. అలా వచ్చిన కరీంనగర్ అమ్మాయి స్రవంతి, పర్సనల్ సపోర్ట్ వర్కర్ కోర్సు చదువుతూ మా వార్డుకు ప్రాక్టికల్స్‌కు వచ్చింది. పేషెంట్లను లేపడం, కూర్చోబెట్టడం, నడిపించడం ఈ వర్కర్ల పని. మందులూ, ఇంజెక్షన్లూ, ఏదైనా తేడా వస్తే తిట్లూ నర్సువి.

ఆమెకు నేను అప్పగించిన పేషెంటు వాల్టర్, పందులు పెంచి రిటైరైన రైతు. మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ బాగానే అయింది గాని, మళ్లీ పడతానన్న భయంతో మంచం దిగడు. మంచానికే అతుక్కుంటే కండ కరుగుతుంది, ఊపిరితిత్తుల్లో కఫం చేరుతుంది, వీపు పుండ్లు పడుతుంది. శుక్రవారం ఫిజియోథెరపిస్టు మార్గరెట్ పరీక్ష పెడుతుంది. చెప్పింది చెప్పినట్టు చేసి, లేచి నడిస్తే ఇంటికి, లేకపోతే వృద్ధుల నర్సింగ్ హోముకు. అక్కడికి కుక్కల్ని రానివ్వరు. వాల్టర్‌కు ఇంట్లో ఉన్నది మాలీ అనే కుక్క ఒక్కటే. అది అప్పటికి పక్కింటివాళ్ల దగ్గర బెంగపెట్టుకుని ఉంది.

మనిషిని లేపడానికి ఒక వరస ఉంది. ముందు మంచం అంచున కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టి, బీపీ చూసి, కళ్లు తిరగడం లేదని తేల్చుకోవాలి. నడుముకు బెల్టు కట్టి పట్టుకోవాలి. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగమనాలి. అప్పుడు బరువు ముందుకొచ్చి పిరుదులు వాటంతటవే లేస్తాయి. స్రవంతి ఇదంతా చక్కటి ఇంగ్లీషులో వివరించేది. తీరా బరువు పడే క్షణానికి ఆ ఇంగ్లీషు ఆవిరైపోయేది. ఇంట్లో సొంత తాతను లేపిన అలవాటు కాబోలు, "లే తాతా, లే!" అని అరిచేది.

వాల్టర్ వెంటనే వెనక్కి వాలి పడుకునేవాడు.

మర్నాడూ అంతే. ఆ తర్వాత ఆయన మొహం ఎర్రబడింది. "ఏమయ్యా ప్రసాద్, ఈ పిల్ల లే, లే అంటుందేమిటి? నా కుక్కను పడుకోబెట్టడానికి నేననే మాట అది. నేనేమన్నా ఆ పిల్ల పెంచుకునే కుక్కనా?" అని నన్ను నిలదీశాడు.

మీ భాషలో లే అంటే పడుకో, మా భాషలో లే అంటే నిలబడు అని విడమరిచాను.

"అంటే నన్ను లేపుతున్నాననుకుంటూ ఇన్నాళ్లూ పడుకోబెట్టిందా?" అని నవ్వడం మొదలెట్టాడు. నవ్వీ నవ్వీ ఊపిరాడక, ఆ ఊపులో లేచి నిలబడ్డాడు. భయపడాలన్న సంగతే మరిచిపోయాడు.

"నోరు జారుతది అంకుల్, నేనేం జేయాలె?" అని స్రవంతి బిక్కమొహం వేసింది. ఆ నోరు అలాగే జారనివ్వమన్నాను. ఆ రోజునుంచి లే అంటే లేవడమే. గురువారానికల్లా ఆ మాట పక్క గది టీవీలో వినబడినా వాల్టర్ కాళ్లు నేల వెతుక్కునేవి.

శుక్రవారం మార్గరెట్ వచ్చింది. వాల్టర్ లేచాడు, వాకర్‌తో తలుపుదాకా నడిచాడు, తిరిగొచ్చి మంచం అంచున కూర్చున్నాడు. చివర్న ఆవిడ "నౌ, లే డౌన్," అంది.

వాల్టర్ లేచి నిలబడ్డాడు.

"నో, నో. లే!" అంది. ఆయన వాకర్ అందుకున్నాడు. "వాల్టర్! లే! లే!" అని ఆవిడ వెంటపడేకొద్దీ వేగం పెంచి, భోజనాల బండిని ఓవర్‌టేక్ చేసి, నర్సుల బల్ల దగ్గర ఆగాడు. మార్గరెట్ రాయడం మొదలెట్టింది: బాగా నడుస్తాడు, చెప్పింది అర్థం కాదు. ఆ రెండో ముక్కతో మాలీ గతి తేలిపోతుంది.

స్రవంతి నా మోచెయ్యి గిల్లింది. "అంకుల్, ఏమన్న జెప్పుండ్రి!"

తెలుగు సంగతి చెబితే నాకూ మతి చలించిందని రాస్తుంది. అప్పుడు మా హైస్కూల్ ఇంగ్లీషు మాస్టారు బెత్తం పట్టుకుని వల్లె వేయించిన పాఠం గుర్తొచ్చింది. "మేడమ్, ఆయన తప్పేమీ లేదు. పడుకోమనడానికి లై అనాలి. లే అంటే ఏదైనా వస్తువును కింద పెట్టమని. ఏ వస్తువో మీరు సెలవివ్వలేదు," అన్నాను. నా వెనకనుంచి స్రవంతి "లై, లే, లెయిన్" అని మూడు రూపాలూ అప్పజెప్పింది.

మార్గరెట్ మా ఇద్దరినీ సాంబార్లో తేలిన బల్లుల్ని చూసినట్టు చూసింది. తర్వాత పళ్లు బిగబట్టి, "వాల్టర్, ప్లీజ్... లై డౌన్," అంది.

ఆయన హుందాగా వెనక్కి నడిచొచ్చి, మంచమెక్కి, దుప్పటి కప్పుకున్నాడు. ఆవిడ ఆ రెండో ముక్క కొట్టేసింది.

వాల్టర్ ఇంటికెళ్లాక ఒకసారి ఫోన్ చేశాడు. కుర్చీలోంచి లేచి నిలబడి మళ్లీ కూర్చునే వ్యాయామం రోజూ చేయమని చెప్పి పంపాం. అది వేరే చేయనక్కర్లేదట. మాలీని "లే" అన్నప్పుడల్లా అది పడుకుంటుంది, ఈయన లేస్తాడు.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది ఇంతే: పేషెంటును కదిలించే పనికి వార్డంతా ఒకే మాట వాడాలి. ఆ మాటేమిటో పరీక్ష పెట్టేవాళ్లకు ముందే చెప్పాలి.

బూట్ల మీద ఒట్టేశాను గనక ఒకటి ఒప్పుకోక తప్పదు. కుక్క పడుకుంటుందన్నది నా కల్పన. యజమానిని చూసీ చూసీ అది కూడా లేవడం మొదలెట్టిందట. ఇప్పుడా ఇంట్లో లే అంటే పడుకునేవాళ్లెవరూ లేరు.