గ్రామసభలో వియ్యంకుల మర్యాద

ఆ రోజుల్లో నాకు జనం కేకలంటే మహా భయం. ఉద్యోగం చూస్తే పంచాయతీ కార్యదర్శి! అమలాపురం నుంచి ఆటోలో వెళ్లి వచ్చేంత దూరంలో, అటు పల్లె అనలేని, ఇటు పట్నం అనలేని ఊరు. ఏటా గ్రామసభ పెట్టి, వచ్చే ఏడాది ఏ పనులు కావాలో జనం చేత చెప్పించి, ప్లాను రాసి పైకి పంపాలి. ఆ ఏడు ఒక్క వీధి డ్రైనుకే వీలుంది. అడిగేవి మాత్రం రెండు వీధులు, గట్టువీధీ, రేవువీధీ. "సభకి దూది తీసుకెళ్లవయ్యా, చెవుల్లోకి పనికొస్తుంది" అని నా ముందాయన చెప్పి మరీ బదిలీ మీద వెళ్లిపోయారు.

తీసుకెళ్లాను (నిజంగానే, చొక్కా జేబులో). తీరా చూస్తే రెండు వీధుల పెద్దలూ ఒకే బల్ల మీద పక్కపక్కనే కూర్చుని తమలపాకులు పంచుకుంటున్నారు. గట్టువీధి పెద్దాయన కూతుర్ని ఈ మధ్యే రేవువీధి పెద్దాయన కొడుక్కిచ్చి పెళ్లి చేశారట. ఇంక గొడవేముంది, బతికిపోయాననుకుని ఏ వీధి డ్రైను రాయమంటారని అడిగాను.

"రేవువీధిదే రాయండి, ఆయ్. ముందు మా బావగారిది కానివ్వండి" అన్నారు గట్టువీధి పెద్దాయన.

"అబ్బెబ్బే! పిల్లనిచ్చినోరండీ. వారిని కాదని మా వీధికి రాయించుకుంటే రేపు మొహం ఎలా చూపిస్తామండీ?" అన్నారు రేవువీధి పెద్దాయన.

"మీరు ముందండీ" "అయ్యో, మీరేనండీ" అంటూ వాళ్ల వెనకున్న జనం కూడా అందుకున్నారు. పొద్దు వాలుతోంది. సాయంత్రంలోగా ప్లాను పంపకపోతే ఆ ఏడు ఊరికి అసలు డ్రైనే లేదు. పైగా నాది ఇంకా ప్రొబేషను. దూదితో చెమట తుడుచుకున్నాను.

"అది కాదు బావగారూ, మీ వీధి బురదలో మా అమ్మాయి నడవలేకపోతోందండీ" అన్నారు గట్టువీధాయన, నచ్చజెప్పబోయి.

"బురదా? పెళ్లికొచ్చినప్పుడు మీ వీధిలో దిగబడ్డ మా తమ్ముడి చెప్పు ఇంకా దొరకలేదండీ!"

నాకు ప్రాణం లేచొచ్చింది. పోట్లాడుకుంటేనైనా ఎవరో ఒకరు నాకే కావాలంటారు కదా. అంటేనా! "మీ వీధే అధ్వానం, మీరే కట్టించుకోండి" "కాదు, మీదే అధ్వానం, మీరే కట్టించుకోండి" అని తిట్టుకుంటూ కూడా డ్రైను ఒకరికొకరు దానం చేసుకుంటున్నారు.

అప్పుడు ఆడవాళ్ల వరసలోంచి కొత్త పెళ్లికూతురు లేచి నా దగ్గరికొచ్చింది. "కాస్త లేస్తారాండీ?" అంది. లేచాను. నా కుర్చీలో కూర్చుంది.

"ఇది తేలేదాకా పుట్టింటికీ రాను, అత్తారింటికీ రాను. అన్నం ఇక్కడికే పంపండి" అంది. పెద్దలిద్దరి మొహాలూ పాలిపోయాయి.

"అదేంటమ్మా!" అన్నారు తండ్రిగారు.

"మన వీధి నీళ్లన్నీ దిగేది రేవువీధిలోకే కదా, నాన్నా. కింద దారి చెయ్యకుండా పైన డ్రైను కడితే నీళ్లు మా అత్తయ్యగారి వంటింట్లోకొస్తాయి. ముందు రేవువీధి, వచ్చే ఏడు మనది. రాసుకోండి, కార్యదర్శిగారూ."

తండ్రి సరేనంటూ రెండు చేతులూ ఎత్తారు. మావగారు "కోడలి మాట కాదనగలమాండీ" అంటూ, పైకి మొహమాటపడుతూ, లోపల మురిసిపోతూ చెయ్యెత్తారు. తీర్మానం నిలబడే రాశాను (కుర్చీ అడిగే ధైర్యం లేక). ప్లాను వెళ్లిపోయిందని తెలిశాక మెట్ల మీద కూలబడితే ఎవరో కొబ్బరిబొండాం చేతిలో పెట్టారు. అంత హాయిగా నేనెప్పుడూ ఏదీ తాగలేదు.

ఇప్పుడు నేను పెద్ద అధికారినయ్యాను, ఎన్నో ఊళ్ల సభలకి వెళుతుంటాను. జనం బల్లలు చరిచి "మాకంటే మాకు" అని అరుస్తుంటే, పక్కనున్న కొత్త కార్యదర్శి బిక్కమొహం వేసుకుని నావైపు చూస్తాడు. అచ్చం అప్పటి నాలాగే. పాపం, అతనికేం తెలుసు? నాకైతే ఆ కేకలు వింటే నిశ్చింతగా ఉంటుంది. అరుస్తున్నారు కాబట్టి ఏం కావాలో చెబుతున్నారు. సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు.